పార్మా అచ్చుకూటం బొడోనీ

స్వర్ణోత్సవ సంచికకు గొప్పవారి జీవితాల మీద వ్యాసాలు కావాలని మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసేసరికే రామన్, విశ్వేశ్వరయ్య, కలాం ముగ్గురినీ మనవాళ్లు పంచేసుకున్నారు. నువ్వు ఇంజనీరువి కదా, మిగిలిన ఇంజనీర్లలో ఎవరి గురించైనా రాయరా అన్నాడు. ముప్పై ఏళ్లుగా నా బతుకంతా ప్రెస్ టూల్స్‌తోనే. పంచ్, డై, క్లియరెన్స్, హార్డ్‌నెస్ అనే మాటలు ఇంట్లో కూడా నా నోట్లోంచి వస్తాయని మా ఆవిడ ఫిర్యాదు. అందుకని ఉక్కు పంచ్‌లు చెక్కడంలో నాకంటే రెండున్నర శతాబ్దాల పెద్దవాడైన ఒకాయన్ని ఎంచుకున్నాను. ఆయన్ని ఎవరూ ఇంజనీరు అనరు, ముద్రాపకుడు అంటారు. పేరు జాంబత్తిస్తా బొడోనీ.

ఆయన మీకు తెలియకపోయినా ఆయన అక్షరం తెలుసు. కంప్యూటర్లో వర్డ్ తెరిచి ఫాంట్ల జాబితా కొంచెం కిందికి జరిపితే ‘బొడోనీ ఎంటీ’ అని కనబడుతుంది. దాన్ని ఎంచుకుని ఇంగ్లీషు పెద్దక్షరం ‘హెచ్’ కొట్టి సైజు బాగా పెంచి చూడండి. రెండు లావాటి స్తంభాలు, వాటి మధ్య దారప్పోగులాంటి అడ్డగీత. స్తంభాల తలల దగ్గర, పాదాల దగ్గర మళ్లీ అంతే సన్నటి గీతలు, గీసి పెట్టినట్టు తిన్నగా ఉంటాయి. ఈ కొసగీతల్నే సెరిఫ్‌లంటారు. మామూలు పుస్తకాల అక్షరాల్లో సెరిఫ్ స్తంభానికి చిన్న వంపుతో అతుక్కుంటుంది, చెట్టు మొదలు నేలలోకి దిగినట్టు. బొడోనీలో ఆ వంపు లేదు. లావుకూ సన్నానికీ మధ్య రాజీ లేదు. ఫ్యాషన్ పత్రికల పేర్లు, సెంటు సీసాల పెట్టెలు, నగల దుకాణాల బోర్డుల మీద కనిపించే అక్షరాల్లో చాలావరకు ఈ వంశానివే. మన డ్రాయింగ్ మాస్టారి దగ్గర చార్టులు రాసిన బ్యాచ్‌లకు గుర్తుండే ఉంటుంది. నిలువుగీత లావు, అడ్డగీత సన్నం అంటూ ఫ్లాట్ బ్రష్ తిప్పి చూపించేవారు. ఆయన మాకు నేర్పినది ఈ సంప్రదాయమేనని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు.

బొడోనీ 1740 ఫిబ్రవరిలో ఇటలీ వాయవ్యాన ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర సలూట్సో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రిది అచ్చు పనే, తాతది కూడా. మనవైపు కంసాలి ఇంటి పిల్లాడికి కొలిమి ఎలాగో ఈయనకు అచ్చు యంత్రం అలాగ. చిన్నప్పుడే చెక్క మీద బొమ్మలు చెక్కడం పట్టుబడింది. పద్దెనిమిదో ఏట ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని రోముకు బయల్దేరాడు. దారి ఖర్చులకు తను చెక్కిన బొమ్మదిమ్మలే అమ్ముకున్నాడని జీవితచరిత్రలు చెబుతాయి.

రోములో ఆయనకు ప్రాపగాండా ఫీదే అనే మతప్రచార సంస్థ అచ్చుకూటంలో కంపోజిటర్ ఉద్యోగం దొరికింది. ప్రపంచమంతటా మిషనరీలను పంపే సంస్థ కాబట్టి అరబ్బీ, కాప్టిక్, టిబెటన్ లాంటి లిపుల అచ్చులన్నీ అక్కడ పోగుపడి ఉన్నాయి. పోగు అన్నమాట నిజమే, పాత పంచ్‌లు తుప్పుపట్టి, కలిసిపోయి, ఏది ఏ లిపిదో తెలియకుండా పడి ఉండేవి. వాటిని శుభ్రంచేసి వరస పెట్టే పని ఈ కుర్రాడికి అప్పగించారు. ఏ కార్ఖానాలోనైనా కొత్తగా చేరినవాడికి ఇచ్చే పని అదే, టూల్ రూమ్ సర్దరా అంటారు. సర్దేవాడు తెలివైనవాడైతే ఆ ఆరునెలల్లో నేర్చుకున్నంత తరువాత ఆరేళ్లలో నేర్చుకోడు. బొడోనీ అక్కడే ప్రాచ్యభాషలు కొంత చదివాడు, పంచ్ చెక్కడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మనవైపు చూపు తిప్పి ఒక మాట. బొడోనీకి ఆరేళ్ల వయసున్నప్పుడు, 1746లో, జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు అక్షరాలతో పుస్తకం అచ్చువేయించాడు. రోములోని ఈ ప్రాపగాండా అచ్చుకూటమే 1772లో మలయాళ లిపిలో పుస్తకాలు వేసింది, అప్పటికి బొడోనీ అక్కడ లేడు. మన అక్షరాలు తాటాకు మీద గంటంతో పుట్టినవి. గంటం ఎటు తిప్పినా గీత మందం ఒకటే, గుండ్రంగా తిరుగుతుంది. రోమన్ అక్షరం వెడల్పాటి మొన ఉన్న కలంతో ఎదిగింది కాబట్టి దానికి లావూ సన్నమూ పుట్టుకతో వచ్చాయి. బొడోనీ ఆ తేడాను లోహం ఓర్చుకోగలిగినంత దూరం తీసుకెళ్లాడు.

రోములో ఆయనకు పెద్దదిక్కు అచ్చుకూటం అధికారి రుగ్గియేరి. ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. బొడోనీకి ఇక అక్కడ ఉండబుద్ధి కాలేదు. 1766లో ఇంగ్లండుకు బయల్దేరాడు. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ అనే ముద్రాపకుడు నున్నటి కాగితం మీద, నల్లటి సిరాతో, అంతవరకు ఎవరూ చూడనంత స్ఫుటంగా పుస్తకాలు వేస్తున్నాడు. ఆ పనిని దగ్గర్నుంచి చూడాలన్నది కోరిక. దారిలో సొంతూరు చేరేసరికి జ్వరం పడగొట్టింది. ఇంగ్లండు ప్రయాణం అక్కడితో సరి. బొడోనీ జీవితంలో బాస్కర్‌విల్‌ను చూడనేలేదు.

కోలుకుంటుండగా 1768లో పార్మా నుంచి పిలుపు వచ్చింది. పార్మా చిన్న సంస్థానం. మన వనపర్తో, గద్వాలో అనుకోండి, కాకపోతే ఏలేది బూర్బన్ రాజవంశం. డ్యూక్ ఫెర్డినాండ్‌కు అప్పటికి పదిహేడేళ్లు. ఆస్థానానికి ఒక అచ్చుకూటం పెట్టాలని పెద్దలు తలపెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ల బొడోనీ దానికి అధికారిగా వెళ్లి మిగిలిన నలభై అయిదేళ్లూ ఆ ఊళ్లోనే గడిపాడు.

మొదట్లో అక్షరాలు సొంతవి కావు. పారిస్‌లోని ఫూర్నియే పోతశాల నుంచి టైపు తెప్పించుకున్నారు. డ్యూక్ పెళ్లి వేడుకలను వర్ణించే 1769 నాటి పుస్తకం వంటి తొలి పనులు ఆ టైపుతోనే జరిగాయి. 1771లో బొడోనీ తను చెక్కిన అక్షరాలు, అలంకారాల నమూనా పుస్తకం తెచ్చాడు. చూసినవాళ్లకు అందులో ఫూర్నియే పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దాన్ని కాపీ అని తేలిగ్గా తీసిపారేయొచ్చు. నేను అలా అనను. మా రంగంలో మంచి టూల్‌మేకర్లందరూ మొదట ఎవరిదో ఒక డై విప్పి, కొలిచి, అచ్చం అలాంటిదే చేసి నేర్చుకున్నవాళ్లే.

పంచ్ ఎలా చేస్తారో రెండు మాటల్లో చెబుతాను. చిటికెనవేలంత ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని ఎదురు తిప్పి, ఉబ్బెత్తుగా చెక్కాలి. ఆకురాయితో అరగదీసి, సన్న ఉలితో గీకి, మధ్యమధ్య దీపం మంటలో మసి పట్టించి కాగితం మీద ఒత్తి చూసుకుంటూ ఉండాలి. కుదిరిందనుకున్నాక కాల్చి పదును పెట్టాలి. గట్టిపడ్డ ఆ పంచ్‌ను రాగి ముక్క మీద సుత్తితో కొడితే అక్షరం గుంటగా దిగుతుంది, అది మాతృక. మాతృకను మూసలో బిగించి సీసం, తగరం, యాంటిమొనీ కలిపిన లోహం కరిగించి పోస్తే ఒక అక్షరం పుడుతుంది. ఒక సైజు టైపుకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ కలిపి వందకు తక్కువ కాకుండా పంచ్‌లు. వాలు అక్షరాలకు మళ్లీ అన్ని. సైజు మారితే అంతా మొదటి నుంచి. ఇందులో బొడోనీ మార్కు సన్నగీత ఎక్కడ కష్టమంటే, చెక్కేటప్పుడు ఉక్కులో విరుగుతుంది, పోసేటప్పుడు లోహం ఆ మూలకు పారదు, అచ్చువేసేటప్పుడు ఒత్తిడికి నలుగుతుంది. అన్నీ దాటుకుని వచ్చినా కాగితం గరుకుగా ఉంటే గీత తెగి కనిపిస్తుంది.

అందుకే ఆ అక్షరం ఒక్కసారిగా రాలేదు. 1770ల నుంచి 1790ల దాకా ఏటికేడు కొంచెం కొంచెంగా లావు లావైంది, సన్నం సన్ననైంది, వంపులు పోయాయి. దానికి తగ్గట్టు గీతలు పడని నున్నటి కాగితం, చిక్కటి సిరా, జాగ్రత్తైన ఒత్తిడి కూడబెట్టుకున్నాడు. పారిస్‌లో ఫిర్మాన్ డీడో కూడా 1784 ప్రాంతంలో ఇదే దారిలో అక్షరాలు చెక్కాడు. ఎవరు ముందు అన్న తగువు నేటికీ ఉంది. నా లెక్క ప్రకారం తర్కం డీడోది, చేతిపని బొడోనీది.

పేరు మాత్రం బొడోనీకే ఎక్కువ వచ్చింది. 1775లో ఒక రాజకుమారుడి పెళ్లికి ఇరవై అయిదు భాషల లిపులతో శుభాకాంక్షల పుస్తకం వేశాడు. 1782లో స్పెయిన్ రాజు తన ఆస్థాన ముద్రాపకుడిగా బిరుదిచ్చాడు. 1787లో అమెరికా నుంచి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయన అక్షరాలను మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఫ్రాంక్లిన్‌ది కూడా పుట్టు వృత్తి అచ్చు పనే కనుక ఆ మెప్పు విలువ వేరు. 1788లో వచ్చిన నమూనా పుస్తకంలో వంద రోమన్ టైపులు చూపించాడు. తరువాత రోములోని స్పెయిన్ రాయబారి అజారా, మా దగ్గరికి వచ్చి అచ్చుకూటం పెట్టమని పిలిచాడు. మనిషి చేజారిపోతాడని డ్యూక్ భయపడి, 1791లో పార్మాలోనే సొంత ప్రెస్సు పెట్టుకోవడానికి అనుమతిచ్చాడు. నిపుణుడు రాజీనామా కాగితం చూపిస్తే గాని జీతం పెంచని యాజమాన్యాలు అప్పుడూ ఉన్నాయన్నమాట. అదే ఏడు, యాభై ఒకటో ఏట, ఆయన పెళ్లి కూడా చేసుకున్నాడు. ఆమె పేరు మార్గెరీటా దల్లాల్యో. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఆయన పుస్తకాల మీద విమర్శ కూడా చెప్పాలి. హోరేస్, వర్జిల్ కావ్యాలు, విశాలమైన అంచులతో, అలంకారం లేకుండా, కేవలం అక్షరాల అమరికతో వేసిన పెద్ద పుస్తకాలు అవి. ధనవంతులు, రాజులు కొని బీరువాల్లో దాచుకున్నారు. 1793 నాటి వర్జిల్‌లో అచ్చుతప్పులున్నాయని డీడో కుటుంబం ఎత్తిచూపింది, అది నిజమే. బొడోనీకి ప్రూఫు దిద్దడం మీదున్న శ్రద్ధ పేజీ అందం మీదున్నంత కాదు. ఫ్రెంచి రచయిత స్టెంధాల్ ఒక ముచ్చట రాశాడు. బొడోనీ ఆయనకు ఒక పుస్తకం ముఖపత్రం చూపించి, కవి పేరు మొత్తాన్ని ఒకే వరుసలో పెద్దక్షరాలతో కుదర్చడానికి ఆరు నెలలు పట్టిందని మురిసిపోయాడట. స్టెంధాల్ కథకుడు, కొంత ఉప్పూకారం కలిపి ఉంటాడు. అయినా మనిషి తీరు దాంట్లో తెలుస్తుంది. పుస్తకంలో ఏముందన్నది ఆయనకు రెండో సంగతి. తెలుగు మాస్టారి దగ్గర ఒక్క అచ్చుతప్పుకు పది గుంజీలు తీసిన మనకు ఇది మింగుడుపడదు. నాకు ఇప్పటికీ పడదు.

1796లో నెపోలియన్ సైన్యాలు ఇటలీలోకి దిగాయి. 1802లో డ్యూక్ పోయాడు, పార్మా ఫ్రెంచి వాళ్ల చేతికి వెళ్లింది. బొడోనీ కదల్లేదు. ఎవరు గద్దెనెక్కితే వాళ్లకు పుస్తకం అంకితమిచ్చి పని సాగించాడు. 1806లో క్రైస్తవుల ప్రార్థన ఒకదాన్ని 155 భాషల్లో అచ్చువేసి నెపోలియన్ ప్రతినిధిగా ఇటలీని ఏలుతున్న యూజెన్‌కు అంకితమిచ్చాడు. పారిస్ అచ్చుకూటం 150 భాషల్లో వేసిందని తెలిసి పట్టుదలకు పోయి చేసిన పని అది. రోములో తుప్పు దులిపిన ఆ కుర్రాడే ఈ పని వెనక ఉన్నాడని నాకనిపిస్తుంది. అదే ఏడు పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. 1808లో గ్రీకు ఇలియడ్‌ను మూడు పెద్ద సంపుటాలుగా వేసి నెపోలియన్‌కు అంకితమిచ్చాడు. చక్రవర్తి పింఛను కట్టబెట్టాడు.

ఈ సన్మానాలన్నీ జరుగుతుండగా అసలు పని వెనక గదిలో నడుస్తూనే ఉంది. తను జీవితమంతా చెక్కిన టైపులన్నిటినీ ఒకచోట చూపించే పెద్ద నమూనా పుస్తకం, ‘మాన్యువాలే తిపోగ్రాఫికో’. 1788 నాటిదాన్ని మించినది. పంచ్ బాగాలేదనిపిస్తే మళ్లీ చెక్కేవాడు, కొత్త సైజు తోస్తే చేర్చేవాడు, పుస్తకం మళ్లీ వెనక్కి పోయేది. కీళ్లవాతంతో కాళ్లు పట్టేశాయి. 1813 నవంబరు చివర్లో, డెబ్భై మూడేళ్ల వయసులో, పుస్తకం బయటకు రాకుండానే ఆయన కన్నుమూశాడు.

ఇలాంటి పనులు ఇక్కడే ఆగిపోతాయి. చేసిన మనిషి పోతే ఆయన టూల్స్ తూకానికి అమ్ముడుపోతాయి. నేను పనిచేసిన ఒక కార్ఖానాలో నలభై ఏళ్ల అనుభవమున్న ఫిట్టర్ రిటైరైన నెలలోపే ఆయన సొంతంగా చేసుకున్న గేజులు స్క్రాపులోకి పోయాయి. బాస్కర్‌విల్ విషయంలోనూ కొంత అలాగే జరిగింది. ఆయన 1775లో పోతే, ఇంగ్లండులో కొనేవాళ్లు లేక భార్య ఆ టైపులను ఫ్రాన్సుకు అమ్ముకోవాల్సి వచ్చింది. మిగిలిన పంచ్‌లు మళ్లీ ఇంగ్లండు గడప తొక్కింది 1953లో.

మార్గెరీటా అమ్మలేదు. ప్రెస్సు మూయలేదు. భర్త దగ్గర ఫోర్‌మన్‌గా ఉన్న లుయీజీ ఓర్సీని పెట్టుకుని అయిదేళ్లు పనిచేయించి 1818లో మాన్యువాలే రెండు సంపుటాలూ పూర్తిచేసింది. ముందుమాట తనే రాసింది. ఆరువందల పేజీలకు పైబడ్డ పుస్తకం, 142 రోమన్ టైపులు, వాటి వాలు అక్షరాలు, ఆపైన గ్రీకు, హీబ్రూ, రష్యన్, అరబ్బీ వగైరాలు. వేసింది 290 ప్రతులు. అక్షరానికి అందం తెచ్చేవని బొడోనీ నమ్మిన నాలుగు గుణాలు అందులో ఉన్నాయి: ఏకరూపత, స్ఫుటత, అభిరుచి, లావణ్యం. మొదటి రెండూ నేను కొలిచి చెప్పగలను, తక్కిన రెండింటికీ నా దగ్గర గేజి లేదు.

ఆ పుస్తకంలో నన్ను పట్టేసింది సైజుల సంగతి. ఇటలీ అచ్చు పనివాళ్లకు పాయింట్ల బదులు పేర్లుండేవి. అన్నిటికన్నా చిన్నది పార్మిజనీనా, పెద్దది పపాలే, మధ్యలో ఫిలొసొఫియా, లెట్టూరా ఇలాగ. బొడోనీ ఒక్కో పేరు కింద ఒక అక్షరం పెట్టి ఊరుకోలేదు. ఒకే సైజులో కొంచెం బిగువైనది, కొంచెం వదులైనది, కాస్త నలుపెక్కువది, తక్కువది, ఇలా మెట్లు మెట్లుగా చెక్కాడు. చిన్న సైజుల్లో సన్నగీతను కాస్త బలంగా ఉంచాడు. పెద్ద సైజుకు పోయేకొద్దీ దాన్ని దారంలా లాగాడు. అందుచేత ఆయన చిన్నక్షరం చదవడానికి పనికొస్తుంది, పెద్దక్షరం చూడటానికి.

తరువాతి కాలం ఈ సంగతినే మరిచిపోయింది. పంతొమ్మిదో శతాబ్దంలో నాసిరకం నకళ్లు నాసి కాగితం మీద గుట్టలుగా వచ్చాయి, ఇంగ్లండులో విలియం మోరిస్ ఈ జాతి అక్షరాలన్నిటినీ అసహ్యించుకున్నాడు. అమెరికాలో లిన్ బెంటన్ 1885లో పాంటోగ్రాఫ్‌తో పంచ్ చెక్కే యంత్రం చేశాడు. ఒక నమూనా బొమ్మ ఉంటే దాన్నుంచి చాలా సైజులు దించొచ్చు. బొడోనీ అక్షరాన్ని ఇరవయ్యో శతాబ్దానికి మళ్లీ పరిచయం చేసింది ఆయన కొడుకు మోరిస్ బెంటనే. ఫోటో టైప్‌సెట్టింగ్, కంప్యూటర్ వచ్చాక ఒకే బొమ్మను ఎంతకంటే అంతకు పెంచడం, కుదించడం మామూలైపోయింది. లెక్క చూడండి. 72 పాయింట్లలో సన్నగీత మందం 0.2 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అదే బొమ్మను 9 పాయింట్లకు కుదిస్తే గీత 0.025 మిల్లీమీటర్లు. సిరా, కాగితం, కంటిచూపు మాత్రం ఎనిమిదో వంతుకు కుదించుకోవు.

ఆ మధ్య మా బంధువుల ఇంట్లో పెళ్లి శుభలేఖ వచ్చింది. ఇంగ్లీషు వైపు వధూవరుల పేర్లు ఈ అక్షరాల్లో కళకళలాడుతున్నాయి. ముహూర్తం, కల్యాణమండపం చిరునామా కూడా అవే అక్షరాల్లో, ఏడో ఎనిమిదో పాయింట్లలో, మెరూన్ అట్ట మీద బంగారు పూతతో. సన్నగీతలన్నీ పూతలో కలిసిపోయి నిలువు గీతలు మాత్రం మిగిలాయి. మా పెదనాన్నగారు కళ్లజోడు తుడుచుకుని తుడుచుకుని చూసి, మెంతులు ఆరబోసినట్టుందిరా అన్నారు. చివరికి ముహూర్తం ఫోన్ చేసి కనుక్కున్నాం.

1922లో హాన్స్ మార్డర్‌స్టైగ్ అనే జర్మన్ స్విట్జర్లాండులోని మొంతాన్యోలాలో చేతి ప్రెస్సు పెట్టి దానికి ఒఫిచీనా బొడోనీ అని పేరుపెట్టాడు. ఇటలీ ప్రభుత్వం అనుమతితో పార్మాలోని అసలు మాతృకల నుంచి అక్షరాలు పోయించుకుని పుస్తకాలు వేశాడు. బొడోనీ పోయిన నూటపదేళ్లకు ఆ రాగి గుంటల్లో మళ్లీ సీసం పారింది. 1990ల మొదట్లో అమెరికా నుంచి సమ్నర్ స్టోన్, ఇంకొందరు డిజైనర్లు పార్మా వెళ్లి ఆ పంచ్‌లనూ, 1818 నాటి మాన్యువాలేనూ భూతద్దం పెట్టి చూశారు. 1994లో వాళ్లు విడుదల చేసిన ఐటీసీ బొడోనీలో ఒకటికి బదులు మూడు వేరువేరు బొమ్మలున్నాయి: 6 పాయింట్లకు ఒకటి, 12కు ఒకటి, 72కు ఒకటి. మీలో ఎవరైనా శుభలేఖ వేయించేటప్పుడు డీటీపీ కుర్రాడికి ఈ సంగతి చెప్పండి.

మార్గెరీటా 1841లో పోయింది. ఇరవై వేలకు పైబడ్డ ఉక్కు పంచ్‌లు, వాటి మాతృకలు, మూసలు, ఆకురాళ్లు చెల్లాచెదరు కాకుండా పార్మాలోనే ఉన్నాయి. 1963 నుంచి పిలోత్తా రాజభవనంలో బొడోనీ పేరు మీద ఉన్న మ్యూజియంలో వాటిని చూడొచ్చు.